ఎదురుగాలి పద్దు

మాఘ బహుళ తదియ

గాలి: తెల్లవారుజామున కొండ మీది నుంచి కిందికి. పొద్దెక్కాక కింది నుంచి పైకి. మధ్యలో కాసేపు నిలిచిపోయింది.

ఈ ఏడు గాలి పద్దు రాసే వంతు మా ఇంటికి వచ్చింది. ఇదివరకు వచ్చినప్పుడు అమ్మ చూసి చెప్పేది, నేను రాసేదాన్ని. అమ్మ సంవత్సరీకం కూడా అయిపోయింది. ఇప్పుడు చూసేదీ రాసేదీ నేనే.

లోయలో ఊట నుంచి నీళ్ళు ఎత్తే మోటారు ఇవాళ తొట్టి సగం నింపి ఆగింది. కూర్మయ్య దాని కరెంటు దిమ్మను ఊడదీసి, తుడిచి, ఎండలో పెట్టి మళ్ళీ బిగించాడు. కాసేపు మూలిగి ఊరుకుంది. కూర్మయ్య మా చెల్లెలు బంగారమ్మ పెనిమిటి. ఊరి మోటారు చూసేది అతనే.

"దిమ్మ ఒట్టిపోనాది వదినా. ముసిలి గేద నాగ. ఎంత పిండినా ఏటీ నేదు," అన్నాడు.

"ఇంకోటి దొరకదా?"

"ఎక్కడ దొరుకుతాది? మొక్కలోల్లన్నిట్నీ మనమే తినీసినాం గదా."

నిజమే. కొండల మీద చెట్లు పెంచడానికి కంపెనీవాళ్ళు వదిలిన మరలను మేం మొక్కలోళ్ళు అంటాం. వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. మరలు తిరుగుతూనే ఉండిపోయాయి. వీపు మీద ఎండ కాచుకుంటాయి, గుంట తీస్తాయి, గింజ వేస్తాయి, నడుస్తాయి. ఒక్కోదాన్నీ పట్టి, దాని దిమ్మ తీసుకుని, ఇన్నేళ్ళూ మేం నీళ్ళు తాగాం.

వేసవి రాగి, పైర చోడికి నారు పోసి ఉంది. మోటారు ఆగితే ఎండలు ముదిరేలోగా ఊరంతా కొండ కింద, నీళ్ళు లేక దిగివచ్చినవాళ్ళను ఉంచే ఉప్పుగట్టు శిబిరానికి దిగిపోవాలి. అక్కడికి దిగినవాళ్ళు తిరిగి కొండెక్కడం నేను చూడలేదు.

మా కొండదేవత జాకరమ్మ ముందు దీపం పెట్టాను. ఏమీ అడగలేదు. ఆమెకు తెలుసు.

మాఘ బహుళ పంచమి

గాలి: మొన్నటిలాగే.

కట్టెలకు వెళ్ళిన ఆడవాళ్ళు తేనెరాతి వాలులో కొత్త గుంటలు చూశారు. వరసగా ఉన్నాయట. ఒక్కోదాంట్లో ఒక్కో కానుగ గింజ. మట్టి ఇంకా తడిగా ఉందట.

ఒక మొక్కలోడు మిగిలే ఉంది. లోయ అవతలి కొండల నుంచి ఎప్పుడు దాటి వచ్చిందో.

దాని కళ్ళకు నాచు పట్టి ఉంటుంది, అన్నిటికీ పట్టినట్టే. పనిచేసేది ముక్కు ఒక్కటే. దారిలో మనుషులుంటే తగలకూడదని చేసినవాళ్ళే పెట్టారు ఆ ముక్కు. మనిషి ఊపిరో చెమటో సోకితే, తప్పుకోమని ఒక మాట చెప్పి ఆ వాలు వదిలి వెళ్ళిపోతుంది. ఆ ఏడాదికి మళ్ళీ అటు రాదు. కరెంటుతో నడిచే వస్తువు ఏదైనా మన దగ్గర ఉంటే ఇంకా దూరం నుంచే పసిగడుతుంది. అందుకని గాలి చూసే పరికరాలు దీని వేటకు పనికిరావు. చేత్తో విడిచేవే కావాలి. బూడిద, దూది, పిట్ట ఈక. గాలి దాని మీదుగా మన వైపు వీస్తూ ఉండగా, ఆ ఎదురుగాలిలో వెళ్ళి వీపు పలక మీద అరచెయ్యి ఆనిస్తే అది మోకాళ్ళ మీద కూర్చుంటుంది. మరమ్మతు కోసం అలా నేర్పారు. తరవాత దిమ్మ తీసుకోవచ్చు.

వేటకు ముందు నేను నడవాలన్నారు ఊరివాళ్ళు.

"వదినైతే మాటా ఆడదు, సెమటా పట్టదు. మరకి మర," అన్నాడు కూర్మయ్య. బంగారమ్మ అతన్ని చేత్తో ఒకటి వేసింది.

మాఘ బహుళ షష్ఠి

గాలి: తెల్లవారుజామున పై నుంచి కిందికి. తేనెరాతి దగ్గర సుడి ఉంది. ముందే రాసి ఉండాల్సింది.

ఊటలో తానం చేసి, ఒంటికి బంకమట్టి, వావిలాకు పసరు పూసుకున్నాం. బూడిద నేను తెచ్చాను. జాకరమ్మ ముందు ధూపం వేసే పళ్ళెంలోది. అంతకంటే శుభ్రమైన బూడిద మా ఇంట్లో లేదనుకున్నాను.

చిటికెడు విడిస్తే మా ముఖాల మీదికే వచ్చింది. మంచి గాలి. మరి కొంచెం పైకి ఎక్కాం. కూర్మయ్య వెనక దూరంగా ఉండిపోయాడు. రాతి అవతల అది గుంట తవ్వుతున్న చప్పుడు వినపడింది. ఇంకో చిటికెడు విడిచాను. బూడిద నా చేతి చుట్టూ ఒకసారి తిరిగి, రాతి మీదుగా అటు వెళ్ళింది.

మా వాసన అంత దూరం పోయేది కాదేమో. సాంబ్రాణి వాసన పోయింది. అడవిలో సాంబ్రాణి మనిషి దగ్గర తప్ప ఇంకెక్కడుంటుంది?

తవ్వడం ఆపింది. తల ఇటు తిప్పినట్టు ఇనుము కీచుమంది. తరవాత మాట్లాడింది.

"ఓలమ్మా, కూసింత పక్కకుండండి. మొక్క పాతుకుని ఎలిపోతాను."

తవుడు గొంతు.

తవుడు నా తమ్ముడు. నా తరవాత, వాడికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. వీడైనా దక్కాలని అమ్మ పురిట్లోనే పొరుగామెకు ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. ఆ పేరే ఉంచింది. కంపెనీలో వాడి పని మరలకు కొండదారులు నేర్పడం. మర ముందు మనిషి నడవాలి, వెనక అది నేర్చుకోవాలి. నేర్పినవాడి గొంతే దానికి ఇచ్చేవారు. కంపెనీ వెళ్ళిపోయిన ఏడే కొండజ్వరంలో తవుడు పోయాడు. వాడు నేర్పిన మరలు లోయ దాటి వెళ్ళిపోయాయని, ఇక లేవని అనుకున్నాం.

అడుగుల చప్పుడు దూరమైపోయింది. నేను అక్కడే ఉన్నాను.

"ఏటయినాది వదినా? ఆగిపోనావేటి?" కూర్మయ్య ఎక్కి వచ్చాడు. అతనికి మాట వినపడలేదు. నా చేతిలో బూడిద కట్టిన గుడ్డ తీసుకుని వాసన చూశాడు.

"దూపం ఆడికి, దాహం మనకి," అన్నాడు.

మాఘ బహుళ సప్తమి

బంగారమ్మకు చెప్పాను. చోళ్ళు విసురుతోంది. తిరగలి ఆపింది.

"అప్పా, అబద్దం ఆడకు." అక్కను మేం అప్ప అంటాం.

"ఆడనే."

"ఏటన్నాడు?"

చెప్పాను.

"మాట కాదు. ఎలగన్నాడు?"

"ఆడు అన్నట్టే అన్నాడు."

తిరగలి మీద చెయ్యి అలాగే ఉంచి, "నాకు మొకం గేపకముంది. బుజమ్మీద కూకోబెట్టుకున్నప్పుడు ఆడి జుత్తు గుచ్చుకునీది, అదీ గేపకముంది. గొంతే నేదు. ఎంత తలుసుకున్నా నోరాడతాది గానీ మాట రాదు," అంది.

తవుడు పోయేనాటికి దాన్ని మేనత్త ఊరికి పంపేశారు. జ్వరం ఇంట్లో ఉందని. వాడు పోయాక గాని తేలేదు.

"నన్నూ తీసుకెల్లు. గాలికి నిలబడి ఇంతాను."

"ఇంటే అది ఎలిపోతాది. ఇంకో రెండు వాలులే ఉన్నాయి. నెమలి వాలు, ముంత వాలు. అవి కూడా వదిలిందంటే మల్లీ లోయ దాటీస్తాది."

బంగారమ్మ తిరగలి తిప్పడం మొదలుపెట్టింది. చోళ్ళు వెయ్యకుండానే తిప్పుతోంది.

సాయంత్రం జాకరమ్మ నామాలు చదువుతుంటే మధ్యలో తవుడు మాట నోటికి వచ్చింది. ఆపి, మొదటి నుంచి చదివాను. మళ్ళీ అక్కడే వచ్చింది.

మాఘ బహుళ ఏకాదశి

గాలి: రోజంతా పైకీ కిందికీ మారుతోంది. మబ్బు.

ఉపవాసం.

బంగారమ్మ జిల్లేడు కాయలు ఏరుకొచ్చింది. పగలబోయేవి, పచ్చివి కావు. ఇద్దరం అరుగు మీద కూర్చుని దూది తీశాం. గింజ ఉంచకూడదు. ఉంటే బరువుకు దగ్గర్లోనే పడిపోతుంది. బూడిద మన చేతి దగ్గర గాలి ఎటుందో చెబుతుంది, అంతే. దూది అలా వెళ్తూ వెళ్తూ ముందు గాలి ఎక్కడ మళ్ళుతోందో చూపిస్తుంది. బూరుగు దూది ఇంకా మంచిది గాని కాయలు ఇప్పుడప్పుడే పగలవు. గువ్వ పొట్ట కింది నూగు కూడా కొంచెం దొరికింది. దాన్ని కట్టడానికి బంగారమ్మ తన తల వెంట్రుక తెంపబోతే ఆపాను. వెంట్రుకకు మనిషి వాసన ఉంటుంది. కలబంద నార ఇచ్చాను.

ఎదురుగాలిలో వెళ్తే దిమ్మ దొరుకుతుంది, గొంతు వినపడదు. వాసన సోకేటట్టు నిలబడితే గొంతు వినపడుతుంది, ఊరికి నీళ్ళు ఉండవు. ఇందులో ఆలోచించడానికి ఏముంది అని రాశాను. రాసి కొట్టేశాను.

మాఘ అమావాస్య

గాలి: పై నుంచి కిందికి. పల్చగా. విపరీతమైన మంచు.

నెమలి వాలుకు నేనూ కూర్మయ్యా వెళ్ళాం. బంగారమ్మకు మోకాలు వాచి రాలేకపోయింది.

మంచుకు దూది తడిసి ముద్దయింది. విడిస్తే రాయిలా కాళ్ళ దగ్గర పడింది. వెనక్కి వెళ్దామన్నాను.

"రేపటికి ఇది ఇక్కడుంటాదో నేదో. నా కాడ బూడిదుంది. ఒట్టి చింతకర్ర బూడిద, దేవుడిది కాదు," అన్నాడు కూర్మయ్య.

ఒప్పుకున్నాను. బూడిద మా వైపే వచ్చింది, చివరిదాకా. కానీ మాకూ దానికీ మధ్య ఒక వాగుపాయ ఉంది. అక్కడ గాలి పాయలోకి దిగి, అవతలి గట్టు ఎక్కి దాని దగ్గరికి పోతోంది. దూది అయితే చూపించేది.

ఈసారి మర అన్న మాట కూర్మయ్య కూడా విన్నాడు. అతను తవుడును ఎప్పుడూ చూడలేదు.

"బామ్మర్ది గొంతు ఇంత సన్నమా? పొటో సూసి, గట్టి గొంతేమో అనుకున్నాను." దిగుతూ, "బంగారికి సెప్పొద్దు వదినా," అన్నాడు.

చెప్పనక్కరలేకపోయింది. గుమ్మంలో అతని ముఖం చూసింది.

"ఇద్దరూ ఇన్నారు. ఈ ఇంట్లో నానొకర్తినే సెవిటిదాన్ని."

"తెలిసి ఇనలేదే. తప్పిపోయి..."

"తప్పిపోయి రెండుపాల్లు ఇన్నావు. నాను ఒప్పుగానే ఒక్కపాలి అడుగుతన్నాను. అప్పా, మన అమ్మకి కూడా ఆడు పోనాక ఆ గొంతు ఇనపడలేదు. ఎవరో ఒకరం దాని ఎదటికెల్లి నిలబడాలి గదా."

"ఊరో?"

"ఊరు దిగిపోతాది. మనుషులుంటారు. ఆ గొంతు ఇంకెక్కడుంటాది?"

జాకరమ్మ గదిలోకి వెళ్ళాను.

"ఎల్లు. ఆవిడి కూడా నీ పక్షమే," అంది వెనక నుంచి.

ఫాల్గుణ శుద్ధ విదియ

గాలి: ఉదయం పై నుంచి కిందికి. పగలు వేడి.

మోటారు పూర్తిగా ఆగింది. లోయలోకి దిగి కడవలతో మోస్తున్నాం. తాగడానికి సరిపోతున్నాయి. నారుమడి అంచుల్లో పసుపెక్కింది.

ఊరిపెద్ద సూరపునాయుడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే సగం తాగి సగం తిరిగి ఇచ్చాడు, నీళ్ళు పొదుపు అని.

"సన్యాసమ్మా, పున్నం దాకా సూత్తాను. అవతల రెండిల్లోల్లు మూటలు కట్టీసినారు. పట్టుకుని ఆపలేను గదా."

"అయ్యా, ముంత వాలు ఉంది."

"ఉంది. అదొక్కటే ఉంది."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "తవుడుది గదటమ్మా ఆ గొంతు? నాను కూడా ఆడితో తిరిగినోన్నే. ఏటనాలో తెలీక అడగలేదు."

ఫాల్గుణ శుద్ధ పంచమి

గాలి: తెల్లవారాక నిలిచే సమయం రోజురోజుకూ ముందుకు జరుగుతోంది. ఎండ త్వరగా తగులుతోంది.

ముంత వాలులో గుంటలు కనిపించాయి. వేప గింజలు.

దూది ఎండింది. బంగారమ్మ మోకాలు తగ్గింది. దూది తిత్తి తీసి దాని చేతిలో పెట్టాను.

"ముందు నువ్వు నడు."

అది నా ముఖం చూసింది. తిత్తి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కూర్మయ్య పెరట్లోకి పిలిచాడు. "వదినా, నాకు నా పెల్లాం తెలుసు. దాని సేతిలో పెడితే నీల్లు ఒదులుకున్నట్టే."

"దాని సేతిలో పెట్టింది దూది, నాయనా."

"మాటలకేటి. ఊరికి ఏటి సెప్తాం?"

"నాను రెండుపాల్లు ఇన్నాను. మూడోపాలి కూడా నానే ముందు నడిసి, దాన్ని ఎనక ఉండమనడానికి నాకు నోరు రాదు."

అతను వేపపుల్ల విరిచి, నమలకుండానే పారేశాడు.

నిజానికి ఇంకో కారణం ఉంది. గాలి మళ్ళే సమయానికి నేను ముందుంటే నేనేం చేస్తానో నాకు తెలియదు. ఇది జాకరమ్మకు చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఫాల్గుణ శుద్ధ అష్టమి

గాలి: వెలుగు వచ్చేసరికి పై నుంచి కిందికి, స్థిరంగా. ఎండ పడ్డాక నిలిచింది. తరవాత ఎడమ నుంచి కుడికి. ఆ తరవాత కింది నుంచి పైకి.

ముగ్గురం వెళ్ళాం. ముందు బంగారమ్మ, దాని వెనక నేను, నా వెనక కూర్మయ్య.

బంగారమ్మ ఒక్కో పోచ విడుస్తూ ఎక్కింది. దూది దాని భుజం మీదుగా మెల్లగా నా దగ్గరికి వచ్చేది. ఒక్కోటి నా చీరకు అంటుకునేది. మొక్కలోడు పైన చెట్ల మధ్య ఉంది. అటూ ఇటూ కదులుతున్న నల్లటి వీపు మాత్రం కనపడుతోంది.

వాలు సగం ఎక్కేసరికి ఎండ రాళ్ళను తాకింది. బంగారమ్మ విడిచిన పోచ ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. నిలువునా పైకి లేచి ఆగింది.

గాలి నిలిచింది. ఇక మళ్ళుతుంది. అక్కడే ఊరికే నిలబడితే చాలు, బంగారమ్మ వాసన పైకి పోతుంది, వాడు మాట్లాడతాడు. ఎవరూ తప్పు పట్టలేరు. గాలి మళ్ళిందంటే ఎవరేం చెయ్యగలరు?

బంగారమ్మ నిలబడే ఉంది. ఇటు తిరిగి చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

ఇంకో పోచ విడిచింది. అది కుడి పక్కకు పోయింది. బంగారమ్మ వంగి, దూది పోయిన వైపే నడిచింది. అటు వెళ్తూనే పైకి ఎక్కసాగింది, పొదల చాటున చుట్టు తిరిగి. మొక్కలోడిని దాటి దాని పై వైపుకు చేరాలని. అప్పుడు గాలి ఎంత పైకి మళ్ళినా బంగారమ్మకు ఎదురుగాలే. కాని కింద మిగిలిన మా ఇద్దరి వాసనా నేరుగా మరకు పోతుంది. కూర్మయ్య నా చెయ్యి పట్టుకుని లాగాడు. కిందికి జారి, అక్కడున్న ఒక వాగుపాయలో బోర్లా పడుకున్నాం.

అక్కడి నుంచి ఏమీ కనపడదు. గుంట తవ్వుతున్న చప్పుడు. ఆగింది. కొంత నడక. మళ్ళీ చప్పుడు. వాడు మాట్లాడకూడదని దండం పెట్టుకున్నాను. చెవులు మాత్రం అటే ఉన్నాయి. దండం పెట్టుకుంటూనే వింటున్నాను.

నడక ఆగింది. ఇనుము ముడుచుకున్న చప్పుడు ఒకటి. తరవాత ఏమీ లేదు.

"అప్పా, రండి," అని వినపడింది. బంగారమ్మ గొంతు అది.

వెళ్ళేసరికి మొక్కలోడు దూడలా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వీపు మీద గడ్డి మొలిచింది. బంగారమ్మ అరచెయ్యి ఇంకా పలక మీదే ఉంది. కూర్మయ్య దిమ్మ తీయడానికి కొయ్య గూటం అందుకున్నాడు. నా వైపు చూశాడు, బంగారమ్మ వైపు చూశాడు.

"తీసీ," అంది బంగారమ్మ.

కూర్చున్నప్పుడు అవి మాట్లాడవు. దగ్గరికి వచ్చి చెయ్యి వేసినవాళ్ళకు చెప్పవలసింది ఏమీ ఉండదని అనుకున్నారేమో చేసినవాళ్ళు.

దిమ్మ వచ్చింది. బరువుగా ఉంది. మోటారు పాత దిమ్మను కూర్మయ్య తనతో తెచ్చాడు, ఎవరికీ చెప్పలేదు. దాన్ని ఆ గూట్లో పెట్టి, బిగించి, మేం ముగ్గురం దాని ముక్కు ముందు నిలబడ్డాం. చాలాసేపు నిలబడ్డాం. లేవలేదు.

"నాను సూసినాను అప్పా," అంది బంగారమ్మ దిగుతూ. "పై నుంచి సూసినాను. గింజేసి, మట్టి కప్పి, మడమతో నొక్కతాది. ఒకపాలి నొక్కి, రెండడుగులేసి, మల్లీ ఎనక్కొచ్చి ఇంకోపాలి నొక్కతాది. ప్రతి గుంటకీ అంతే. మరకి ఏటి కంగారు, గింజ ఎక్కడికి పోతాది?"

తవుడు అంతే. తలుపు గడియ పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ చూసేవాడు. తల ఊపాను.

ఫాల్గుణ శుద్ధ దశమి

గాలి: చూడలేదు.

మోటారు నడుస్తోంది. తొట్టి నిండి పొర్లితే కూర్మయ్య ఆపడానికి పరుగెత్తాడు. నారుమడికి పొద్దునా సాయంత్రం తడి పెట్టారు. మూటలు కట్టినవాళ్ళు విప్పుకున్నారు. సూరపునాయుడు మజ్జిగ పూర్తిగా తాగి వెళ్ళాడు.

సాయంత్రం దీపం పెట్టి లేచేసరికి బంగారమ్మ నా వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అప్పా, నువ్వు అను."

"ఏటి?"

"ఆడు అన్నట్టు. నీకు ఒచ్చినట్టు అను."

నేను నలుగురిలో మాట్లాడేదాన్ని కాదు. ఒకరిలా మాట్లాడటం అసలే రాదు. గొంతు కొంచెం సన్నం చేసి, చివర కొంచెం సాగదీసి అన్నాను.

"ఓలమ్మా, కూసింత పక్కకుండండి. మొక్క పాతుకుని ఎలిపోతాను."

సరిగ్గా రాలేదు. బంగారమ్మ కళ్ళు మూసుకుని, మళ్ళీ అనమంది. అన్నాను.